'వాళ్లు' కాదు, 'మేము'

సంపాదకుడికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఐరిష్ కవి షేమస్ హీనీ కవిత 'రిక్వియం ఫర్ ద క్రాపీస్' మీద వచ్చిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

మొదటి పాదంలోనే కోటు జేబుల నిండా బార్లీ ఉంటుంది. వ్యాసకర్త దాన్ని 'పునరుత్థాన ప్రతీక' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ప్రతీకే, కాదనను. కానీ ముందు అది తిండి. 1798లో ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ మామూలు జనమే ఈ 'క్రాపీస్'. వాళ్లకు వంటపొయ్యి లేదు, విడిది లేదు. నడుస్తూ నమలడానికి జేబుల్లో గింజలు పోసుకున్నారు. కొడవళ్లు ఊపుతూ ఫిరంగుల మీదికి వెళ్లారు. జూన్ 21న వినెగర్ హిల్ అనే కొండ దగ్గర ఓడిపోయారు. పెట్టె లేకుండా, పైన గుడ్డయినా కప్పకుండా పూడ్చేశారు. ఆగస్టులో ఆ గోతుల మీద బార్లీ మొలిచింది. ఆకలి సంగతి వదిలేస్తే అది ఎక్కడి నుంచి మొలిచినట్టు?

వ్యాసంలో ఇచ్చిన అనువాదం మరీ బాధపెట్టింది. కవి 'మా' అన్నచోటల్లా 'వాళ్ల' అని రాశారు. ఆ 14 పాదాలూ చనిపోయినవాళ్లు చెబుతున్న మాటలండీ! వాళ్లలో ఒక్కరికీ పేరు లేదు. చర్చి ఫాదరూ దేశదిమ్మరీ ఒకే గట్టు చాటున పడుకున్నారు. బ్రిటిష్ పాలన మీద ఐర్లండ్‌లో జరిగిన 1916 తిరుగుబాటుకు 50 ఏళ్లు నిండిన 1966లో, 1798 నాటి ఈ పేరులేని వాళ్లకు హీనీ గొంతిచ్చారు. తర్వాత ఉత్తర ఐర్లండ్‌లో హత్యలు పెరిగాక, బ్రిటిష్ పాలన మీద పోరాడుతున్న సాయుధ సంస్థ ఐఆర్‌ఏకు మద్దతుగా వింటారని దీన్ని సభల్లో చదవడం మానుకున్నారు. వ్యాసంలో ఈ ఊసే లేదు. ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టుకోవాలి, మనకు 'మేము', 'మనం' రెండూ ఉన్నాయి. ఇంత చక్కటి భాష చేతిలో ఉండి 'వాళ్లు' అనడమేమిటి?

ఇది ఒక్క వ్యాసంతో పోయేదీ కాదు. నేను 31 ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పాను. ఒకసారి స్పాట్ వాల్యుయేషన్‌లో ఓ పిల్లవాడు 'దారిలో తినడానికి బార్లీ తెచ్చుకున్నారు' అని రాశాడు. ఎగ్జామినర్ సున్నా వేశారు. ఇదేమిటని అడిగితే 'కీలో లేదు' అన్నారు. పై అధికారి దగ్గరికి వెళ్లాను, ఆయనా కీ ప్రకారమే వేయమన్నారు. కవిత చదివిన పిల్లవాడికి సున్నా, గైడు బట్టీపట్టిన పిల్లవాడికి ఐదు మార్కులు. ఆ గైడు భాషే ఇప్పుడు పత్రికల్లోకీ వచ్చింది.

దయచేసి సవరణ వేయండి. కనీసం ఆ చివరి రెండు పాదాల్లో 'వాళ్లను పూడ్చారు' తీసేసి 'మమ్మల్ని పూడ్చారు' అని అచ్చువేయండి.

– ఒక విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు, తెనాలి