వంకర కమాను

చిరంజీవి శ్రీధర్‌కు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను వచ్చి నెల దాటింది. మన ఇంటి విషయమై నీవు ఎవరో బిల్డరుతో మాట్లాడుతున్నావని నిన్న సరోజత్త అన్నది. నేను నమ్మలేదు, ఈ ఉత్తరం అందుకోసం రాస్తున్నదీ కాదు.

మొన్న పింఛను పని మీద హైదరాబాదు వెళ్లి, పాత శాసనసభ భవనాన్ని బయటి నుంచి చూసి వచ్చాను. అది మొదట టౌన్‌హాలు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో జన్మదినానికి గుర్తుగా నగరవాసులు చందాలు వేసుకొని తలపెట్టారు. 1905లో పునాదిరాయి వేసిన ఆ నిజాం 1911లోనే కన్నుమూశారు. నడుమ 1908లో మూసీ వరద ఊరిని ముంచింది. భవనం 1913లో గాని పూర్తి కాలేదు. పదిమంది సొమ్ముతో లేచిన కట్టడం మీద ఒక్కడే తీర్మానం చేయడం తగదు. మన ఇంట్లోనూ మీ పెదతాత ఎడ్లజత అమ్మిన డబ్బు ఉన్నది.

నేను ఏడో తరగతిలో ఉండగా మీ తాత నన్ను అక్కడికి తీసుకువెళ్లాడు. నానమ్మ కంటి మందు కొని తిరిగి వచ్చేయవలసిన వాళ్లం. పబ్లిక్ గార్డెన్స్ పక్కన ఆ తెల్లని గుమ్మటాలు, రాజస్థానీ పారశీక రీతులు కలిసిన ఆ కమానులు కనబడేసరికి ఆయన కాళ్లు కదలలేదు. నా చేతిలో పల్లీల పొట్లం పెట్టి, పుల్లతో మట్టిలో కమాను గీస్తూ, చెరుపుతూ సాయంత్రం చేశాడు. బస్సు తప్పింది, రాత్రంతా నాంపల్లి స్టేషను బల్ల మీద పడుకున్నాం. మందు సీసా నా తలకింద పగిలింది, నానమ్మ వారం మాట్లాడలేదు. అయినా ఆయన ఊరు చేరగానే మేస్త్రీని పిలిపించి, డంగుసున్నంతో వాకిటి మీద కమాను కట్టించాడు. అది ఎడమకు ఒరిగింది. తాత మాత్రం అచ్చం టౌన్‌హాలుదే అనేవాడు. సున్నపు గోడ మీద సిమెంటు పూయవద్దని, చెమ్మ లోపలే నిలిచి గోడ పొట్టు రాలుతుందని నీకు ఎన్నిసార్లు చెప్పానో. పూతకే ఇంత ఆలోచించాలి, ఇక కూల్చడమంటే... ఆ మాట ఎత్తనన్నాను కదా.

సరోజత్త చెప్పినది అబద్ధమైతే ఫోనులో ఒక్క ముక్క చాలు. నిజమైతే ఫోను వద్దు, నీవే రా. రాత్రి బస్సు ఎక్కకు, కిటికీ పక్కన కూర్చుంటే నీకు జలుబు చేస్తుంది. అమ్మ పంపిన సకినాలు డబ్బా మూత బిగించి పెట్టు, మెత్తబడతాయి.

ఇట్లు,
నాన్న