ఎర్రమట్టి దిబ్బల నడకలు: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పని చాలావరకు ఒక్క మార్పు చుట్టూ తిరిగింది. విశాఖపట్నం, భీమిలి మధ్య తీరంలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల అంచుల మీద నడక పూర్తిగా ఆపేశాం. ఇక నుంచి గండ్ల, అంటే వాననీరు దిబ్బల్లో కోసిన లోతైన దారుల, అడుగునే నడుస్తాం. పైకెక్కితేనే సముద్రం కనబడుతుందని, ఆ చూపు పోయిందని కొందరు నొచ్చుకున్నారు. అందుకే కారణం వివరంగా చెబుతున్నాం.

ఈ దిబ్బలు రాతికొండలు కావు. గత మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా దిగిపోయింది. అప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి ఇక్కడ పోసింది. ఎరుపంతా ఇనుప తుప్పు. రేణువుకూ రేణువుకూ మధ్య పట్టు కూడా ఆ తుప్పు, కాస్త బంకమన్ను మాత్రమే. ఎండినంతకాలం గోడలా నిటారుగా నిలబడుతుంది. నీళ్లు తాగితే పట్టు సడలిపోతుంది.

వాన వెలిసి ఎండ కాశాక అంచు మీద పలచటి పొర కడుతుంది. వంగి చూస్తే దాని మీద చినుకులు పడ్డ గుంటలు, పురుగులు పాకిన గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి. అడుగు వేస్తే ఎండిన అప్పడంలా విరుగుతుంది, కింద పొడి ఇసుక బయటపడుతుంది. తర్వాతి వాన నీరు ఆ అడుగు గుంటలోకే చేరి, అక్కడి నుంచే కిందికి దారి చేసుకుంటుంది. ఈ దిబ్బల్లో గండ్లన్నీ నీరు ఇలా కోసుకున్నవే. ఆ కోతకు మన కాళ్లు తోడు కాకూడదు.

గండి అడుగున నడిస్తే ఈ బెడద ఉండదు. ప్రతి వరదకీ అక్కడి ఇసుక ఎలాగూ మారుతుంది, మన అడుగులు చెరిగిపోతాయి. ప్రమాదం మాత్రం గోడల నుంచే. ప్రవాహం గోడ పాదాన్ని తొలిచేస్తుంది, పైభాగం చూరులా వేలాడుతూ మిగిలిపోతుంది. తాటి వేళ్లో, జీడిమామిడి వేళ్లో పట్టి ఉంచినట్టు కనబడినా దాన్ని నమ్మకూడదు. అందుకే వాన పడ్డాక మూడు రోజుల వరకు నడక ఉండదు. గోడ ఎత్తులో సగమైనా ఎడం దొరకని ఇరుకు గండ్లలోకి దిగం. నీడ బాగుందని గోడకు జేరబడి కూర్చోనివ్వం. ఫొటోల కోసం పట్టుబట్టేది అక్కడే కాబట్టి బృందనాయకులు దీన్ని ముందే చెప్పాలి.

దారి తప్పడం గురించి. ఎగువకు పోతుంటే గండి కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది, అన్నీ ఒకేలా ఉంటాయి. లోతులో ఫోన్ మ్యాపు కూడా పొరపడుతుంది. దిగువకు వస్తుంటే కొమ్మలన్నీ ఒకదానిలో ఒకటి కలుస్తాయి, అలా నడిస్తే మొదలుపెట్టిన చోటికే చేరతాం. దారి తప్పేది అడ్డదారిలో గట్టు దాటి పక్క గండిలోకి దిగినవాళ్లే. గుర్తు కోసం గోడల మీద గీతలు గీయకండి, రాళ్లు పేర్చకండి.

బృందానికి పన్నెండు మంది, ముందొక నాయకుడు, వెనకొకరు. ఉదయం ఆరుకి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా బయటికి రావాలి, ఎందుకంటే గండి లోపలికి సముద్రపు గాలి రాదు, పొద్దెక్కితే కొలిమిలా ఉంటుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని మేజోళ్లు ప్యాంటు మీదికి లాగితే ఇసుక దూరదు. జీడిమామిడి ఎండుటాకుల్లో చేతులు పెట్టకండి, పాములుంటాయి. పాము కరిస్తే కట్లు కట్టడం, గాయం కోయడం వద్దు. కాలు కదలనివ్వకుండా ఉంచి, ఒకరు సిగ్నల్ అందే గండి ముఖం దాకా వెళ్లి 108కి ఫోన్ చేయాలి. పక్కనే నావికాదళ స్థావరం ఉంది, డ్రోన్లు ఎగరేయకూడదు.

నడకలకు డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వానలుంటాయి కాబట్టి ఆ నెలల్లో ఎన్ని అభ్యర్థనలు వచ్చినా ఒప్పుకోం. జనవరి నుంచి ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా. కాబట్టి ఇసుక తీరం వెంబడి చీకట్లో టార్చిలైట్లతో తిరగొద్దు.

గుర్తింపుల సంగతి. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భౌమ వారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది. చాలామంది సభ్యులు శుభాకాంక్షలు చెప్పుకున్నారు, సంతోషం. కానీ తాత్కాలిక జాబితా అంటే ప్రపంచ వారసత్వ హోదా కాదు, దానికి ప్రతిపాదన పంపే అర్హత మాత్రమే. పైగా రక్షిత హద్దు లోపలున్నది దిబ్బల్లో ఒక భాగమే. వెలుపలి దిబ్బలూ అదే ఇసుక. అక్కడ నేల చదును చేస్తే వాననీటి పోత మారుతుంది, లోపలి గండ్ల మీద ఆ ప్రభావం పడుతుంది. హద్దు దగ్గర యంత్రాలు కనబడితే దూరం నుంచి ఫొటో తీసి, తేదీ, స్థలం రాసి సంఘానికి ఇవ్వండి. వాదనకు దిగకండి. సంబంధిత అధికారులకు అర్జీ పెట్టే బాధ్యత కార్యవర్గానిది.

చెత్త ఏరే పనిలో ఒక పాఠం నేర్చుకున్నాం. కర్రతో పొడిచి ఏరితే ఇసుకలో కూరుకున్న సీసా పెంకులు దొరకవు, పైగా పొరను పెళ్లగిస్తాం. చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకుని, కనబడినవే తీయాలి. గాజు వేరే గోనెసంచిలో, ప్లాస్టిక్ వేరేగా. ఇసుక మాత్రం ఒక్క పిడికెడు కూడా ఇంటికి తేవద్దు, పిల్లలు అడిగినా సరే. భూతద్దం తీసుకెళ్లి అక్కడే చూపించండి: ఎర్రపూత పట్టిన క్వార్ట్జ్, ముదురు గులాబీ గార్నెట్, నల్లటి ఇల్మెనైట్ ఖనిజాల రేణువులు పక్కపక్కనే కనబడతాయి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే సీజనుకి బృందనాయకులు కావాలనుకునేవాళ్లు నవంబరు నెలాఖరులోగా పేరివ్వాలి. ముందుగా రెండు నడకల్లో వెనకుండి నడవాల్సి ఉంటుంది.