రోజూ కాపీ కొట్టే బదులు టేబుల్ లింక్ చేయడం నేర్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

బెంగళూరు చిక్కపేట వైపు హోల్‌సేల్ బట్టల షాపులకి కంప్యూటర్ పనులు చూస్తుంటాను, మనవాళ్ళ షాపులూ చాలానే ఉన్నాయిక్కడ. చాలాచోట్ల ఒకటే గోల. బిల్లింగ్ అంతా సర్వర్ మీద మైఎస్‌క్యూఎల్ లేదా ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో ఉంటుంది, ఓనర్ అడిగే రిపోర్టులకి మాత్రం ఎంఎస్ యాక్సెస్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం వాడతారు, అందుకని పొద్దున్నే ఆ డేటా మొత్తం యాక్సెస్‌లోకి ఇంపోర్ట్ (కాపీ) చేస్తారు, మధ్యాహ్నానికే అది పాతబడిపోతుంది. పార్టీ, అంటే సరుకు కొన్నవాళ్ళు, డబ్బు కట్టి వెళ్ళినా లిస్టులో బాకీ అలాగే ఉంటుంది, ఫోన్ చేసి అడిగితే వాళ్ళకి మండదా? పైగా యాక్సెస్ ఫైల్ 2 జీబీ దాటకూడదు.

ఇంపోర్ట్ పక్కనే లింక్ ఆప్షన్ ఉంది, ఓడీబీసీ డ్రైవర్ (యాక్సెస్‌ని ఆ డేటాబేస్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్) వేసుకుని లింక్ చేస్తే డేటా సర్వర్‌లోనే ఉంటుంది, యాక్సెస్‌లో ఎప్పటికప్పుడు తాజాగా కనిపిస్తుంది. డ్రైవర్ మాత్రం యాక్సెస్ 32 బిట్ అయితే 32దే వేయాలి, విండోస్ 64 కదా అని 64ది వేస్తే యాక్సెస్‌కి అసలు కనపడదు, చాలామంది ఇక్కడే వదిలేస్తున్నారు. టేబుల్‌కి ప్రైమరీ కీ (ఒక్కో వరసని విడిగా గుర్తుపట్టే బిల్లు నంబరు లాంటి కాలమ్) లేకపోతే, లింక్ చేసేటప్పుడు అలాంటి కాలమ్‌ని మనమైనా చూపించకపోతే, చూడ్డమే తప్ప మార్చడం కుదరదు.

మనకి ముఖ్యమైంది తెలుగు పేర్లు. మైఎస్‌క్యూఎల్‌కి ఆన్సీ డ్రైవర్ (తెలుగు అక్షరాలు పట్టనిది), యూనికోడ్ డ్రైవర్ (అన్ని భాషల అక్షరాలూ పట్టేది) అని రెండుంటాయి, ఆన్సీది పెడితే పార్టీ పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి, వాటిమీదే సేవ్ కొడితే అసలు పేరు పోయినట్టే. దయచేసి యూనికోడ్‌దే పెట్టుకోండి.

ఇంకోటి, లింక్ చేసిన టేబుల్ తెరిచి అందులో వరస డిలీట్ చేస్తే సర్వర్‌లోనే పోతుంది. ఎడమవైపు లిస్టులో టేబుల్ పేరు తీసేస్తే మాత్రం లింకే పోతుంది, డేటాకేం కాదు. ఈ తేడా తెలియని కుర్రాళ్ళ చేతిలో అడ్మిన్ పాస్‌వర్డ్ పెడుతున్నారు, నాకు నిజంగా భయమేస్తుంది. రిపోర్టులు తీసేవాళ్ళకి చదవడానికి మాత్రమే పర్మిషన్ ఉన్న లాగిన్ చాలండి.

మారతహళ్ళిలో కోర్సులు చేసి వచ్చే మన పిల్లలకి క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) రాయడం బాగానే వస్తోంది, ఈ లింక్ చేయడం గురించి అడిగితే తెల్లమొహం వేస్తున్నారు. మీ చదువుల పేజీలో స్క్రీన్ బొమ్మలతో ఒక్కో స్టెప్పూ వేయండి. యాక్సెస్ కొనలేనివాళ్ళ కోసం అలాంటిదే ఇంకో ప్రోగ్రాం లిబ్రేఆఫీస్ బేస్ గురించి కూడా రాయండి, అది ఫ్రీ, మైఎస్‌క్యూఎల్‌కి కూడా కనెక్ట్ అవుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, చిక్కపేట, బెంగళూరు