ఆదివారం పొద్దున్నే పండ్ల మొక్కల పని

అందరికీ నమస్కారం 🙏
మే 25న రోహిణి కార్తె వస్తోంది. ఒంగోలు ఎండ సంగతి తెలిసిందే కదా, ఆలోపే పెరటి మొక్కలకు ఎండ నుంచి రక్షణ ఏర్పాటు చేసేద్దాం. ఈ ఆదివారం ఉదయం 6 గంటలకు వాటర్ ట్యాంకు దగ్గరికి రండి. ఎనిమిదిన్నరకల్లా ముగించాలి.

ఇంటికో పాత నూలు చీర (నీడకు), ఒక మట్టికుండ తెచ్చుకోండి. పాదుల్లో పరచడానికి వరిగడ్డి, శనక్కాయ పొట్టు మేం తెప్పిస్తున్నాం, ఇంటికి 50 రూపాయలు.

కుండ అడుగున బెజ్జం చేసి, గుడ్డ వత్తి దూర్చి, పాదులో మెడదాకా పాతాలి. నీళ్ళు నింపి మూత పెడితే తడి మెల్లగా వేర్లకు దిగుతుంది. నిరుడు మా దానిమ్మ ఇలాగే బతికింది. మధ్యాహ్నం మూడింటికి గడ్డి ఎత్తి వేలు పెడితే మట్టి చల్లగా తగిలేది!

ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు మాత్రం నిమ్మకు, మామిడికి పొయ్యకండి. మన బోరు నీళ్ళే ఉప్పు, మిషన్ వదిలే నీళ్ళలో ఆ ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. మా నిమ్మాకుల అంచులు మాడింది అందుకే. రేగు, సపోటా కాస్త ఓర్చుకుంటాయి.

గడ్డి మొదలుకు ఆనించొద్దు, చెదలు పడతాయి.

శుక్రవారం రాత్రికల్లా ఇంటి నంబరు, ఎన్ని మొక్కలున్నాయో ఇక్కడే పెట్టండి. గడ్డి లెక్క చెప్పాలి.