దేవుడి సొమ్ములో మూడో వంతు: ఆలయ సేవా సంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు, దాతలకు, అర్చకస్వామికి, ఈ ఏడాది సంఘం పనుల్లో చేయి కలిపిన కాలనీవాసులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనులను ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాం. జమాఖర్చుల పట్టికను, ఆడిటరు ధ్రువీకరణను విడిగా జతచేశాం కనుక ఆ అంకెలను ఇక్కడ తిరిగి రాయడం లేదు. నిత్యపూజలు, శ్రీరామనవమి కల్యాణం, కార్తీక దీపోత్సవం, ధనుర్మాస సేవలు ఎప్పటిలాగే జరిగాయి. ప్రాకారానికి సున్నం వేయించాం, వంటశాల పైకప్పు బాగుచేయించాం. ఇక మిగిలిన నివేదికంతా ఒకే విషయం గురించి: స్వామివారి హుండీలో పడిన సొమ్ములో పేదవారి భాగం ఎంత, దాన్ని వారికి ఏ విధంగా చేర్చాలి.

ఈ ఆలోచన మన పొరపాటు నుంచే పుట్టింది కాబట్టి ముందు ఆ పొరపాటునే చెప్పాలి. 2024 ఏప్రిల్ 17న శ్రీరామనవమి కల్యాణం తర్వాత అన్నదానం పెట్టాం. మొదటి బంతిలో దాతలు, అతిథులు కూర్చున్నారు. రెండో బంతిలో సభ్యుల కుటుంబాలు, ఆ తర్వాత వారి బంధువులు కూర్చున్నారు. తెల్లవారుజామునే వీధంతా ఊడ్చి నీళ్లు చల్లిన పారిశుద్ధ్య కార్మికులు, గుడి ముందు పూలు అమ్ముకునేవారు, పందిరి వేసిన కూలీలు గేటు బయట ఎండలో నిలబడే ఉన్నారు. వారి వంతు వచ్చేసరికి పులిహోర, పప్పు, కూర అన్నీ అయిపోయి అన్నం, మజ్జిగ మాత్రమే మిగిలాయి. విస్తరి ముందు కూర్చున్న ఒక వృద్ధురాలు వడ్డిస్తున్న కుర్రవాణ్ణి "పప్పు అయిపోయిందా నాయనా?" అని నెమ్మదిగా అడిగింది. ఆ అబ్బాయి జవాబు చెప్పలేక నావైపు చూశాడు. మజ్జిగ బకెట్టు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్న నా దగ్గర కూడా జవాబు లేదు. ఆమె మజ్జిగన్నం తిని, విస్తరి మడిచి, తానే తీసుకెళ్లి తొట్టెలో వేసి వెళ్లిపోయింది. అన్నదానం పేరుతో మనం చేసినది చాలావరకు మనకు మనమే పెట్టుకున్న విందు అని ఆ రోజు అర్థమైంది.

జూన్ సర్వసభ్య సమావేశంలో రెండు ప్రతిపాదనలు చర్చకు వచ్చాయి. మూలవిరాట్టుకు వెండి మకరతోరణం చేయించాలన్నది ఒకటి, హుండీ రాబడిలో కొంత భాగాన్ని పేదల అవసరాలకు కేటాయించాలన్నది రెండోది. ఒక పెద్దాయన రెండో ప్రతిపాదనను గట్టిగా వ్యతిరేకించారు. భక్తుడు ముడుపు కట్టి హుండీలో వేసింది స్వామికే తప్ప సంఘానికి కాదనీ, ఆ సొమ్మును మన ఇష్టం వచ్చిన పనికి మళ్లించే అధికారం మనకు లేదనీ ఆయన వాదన. ఈ మాటను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. మొక్కుకున్నవారి మనసును గౌరవించకపోతే ధర్మకర్త అన్న మాటకు అర్థమే ఉండదు. అందుకే ఆ రోజు ఓటింగు పెట్టకుండా, పూర్వం ఆలయాలు ఈ విషయంలో ఏం చేశాయో తెలుసుకుని రావాలని తీర్మానించాం.

ఆ పని మీద ఆషాఢంలో కార్యవర్గ సభ్యులం గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలోని మల్కాపురం వెళ్లి అక్కడి శాసన స్తంభాన్ని చూసి వచ్చాం. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి అక్కడికి దగ్గరే. ఆ దారిన రోజూ తిరిగేవారిలో కూడా ఆ రాయి మీద ఏముందో తెలిసినవారు తక్కువ. 1261లో కాకతీయ రుద్రమదేవి, తన తండ్రి గణపతిదేవుడికి దీక్షాగురువైన విశ్వేశ్వర శివాచార్యులకు మందడం, వెలగపూడి గ్రామాలను దానం చేసిన వివరం అందులో ఉంది. తనకు వచ్చిన రాబడిని ఆ గురువు మూడు భాగాలు చేశారు. ఒక భాగం శివాలయానికి, ఒకటి మఠానికి, అక్కడ చదువుకునే విద్యార్థులకు కేటాయించి, మూడో భాగాన్ని ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి ఇచ్చారు. ఆ సత్రంలో బ్రాహ్మణుల మొదలు చండాలుర వరకు ఎవరు వచ్చినా, ఎప్పుడు వచ్చినా అన్నం పెట్టాలని కట్టడి చేశారు. సుమారు 760 ఏళ్ల కిందట, దేవుడి పేరిట ఇచ్చిన ఊళ్ల ఆదాయంలో పురిటి మంచానికీ రోగికీ ఆకలిగొన్నవాడికీ కలిపి మూడో వంతు రాసిపెట్టారంటే, అది ఆలయ ధర్మానికి బయటి పని అని అప్పటివారు అనుకోలేదన్నమాట. తమిళనాడులోని తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ ఆలయంలో 11వ శతాబ్ది నాటి వీరరాజేంద్ర చోళుడి శాసనం 15 పడకల వైద్యశాల గురించి చెబుతుంది. ఇటువంటి ఏర్పాటు ఒక్క మల్కాపురానికే పరిమితం కాదనడానికి ఇది చాలు.

తిరుమలలో నిత్యాన్నదాన పథకం 1985 ఏప్రిల్ 6న మొదలైంది. దాతల విరాళాలను బ్యాంకుల్లో ఉంచి, అసలు కదలకుండా, వచ్చే వడ్డీతో అన్నప్రసాదం నడపడం దాని పద్ధతి. తిరుపతిలో దేవస్థానం వారు నడుపుతున్న బాలమందిరం, బధిర పాఠశాల, వికలాంగులకు చికిత్స చేసే బర్డ్ ఆసుపత్రి కూడా శ్రీవారి సొమ్ముతో సాగుతున్నవే. మనది కాలనీవారు కట్టుకున్న చిన్న గుడి. అంత పెద్ద క్షేత్రంతో పోల్చుకోలేం గానీ, పద్ధతి నేర్చుకోవడానికి గుడి పరిమాణం అడ్డు కాదు.

ఆగస్టులో తిరిగి సమావేశమైనప్పుడు అర్చకస్వామి చెప్పిన మాట చర్చను ఒక దారికి తెచ్చింది. "స్వామికి నైవేద్యం పెట్టాక ఆ పళ్లాన్ని గర్భగుడిలో దాచుకోం కదా, బయటికి తెచ్చి పంచుతాం. పంచితేనే అది ప్రసాదం" అన్నారాయన. హుండీ కూడా నైవేద్యం వంటిదేనన్న భావన అందరికీ నచ్చింది. వ్యతిరేకించిన పెద్దాయన ఒక షరతు పెట్టారు: ఫలానా పనికని చెప్పి ఇచ్చిన విరాళాన్ని ఆ పనికి తప్ప ముట్టుకోకూడదు. ఈ షరతును తీర్మానంలో మొదటి వాక్యంగా చేర్చాం. మకరతోరణానికని వచ్చిన సొమ్మును వేరే ఖాతాలో ఉంచాం. హుండీ రాబడిలో మాత్రం నిత్యపూజ ఖర్చులు, అర్చకస్వామి సంభావన పోగా మిగిలినదాంట్లో మూడో వంతు పేదలకు చెందుతుందని సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు. సంభావనను కూడా అదే సమావేశంలో పెంచాం. గర్భగుడిలో దీపం వెలిగించే మనిషి ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైతే, బయటివారికి చేసే దానం శోభించదు.

తీర్మానం చేసిన కొద్ది రోజులకే 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగింది. రాత్రంతా వండి పులిహోర పొట్లాలు కట్టుకుని మన యువకులు బయలుదేరారు. అక్కడ మేడల మీద చిక్కుకున్నవారు అన్నం కంటే ముందు అడిగినవి తాగునీళ్లు, పసిపిల్లలకు పాలు, కొవ్వొత్తులు. రెండో విడత సరుకు వారు అడిగినదాన్ని బట్టే కొన్నాం. అవసరం ఏమిటో అవసరంలో ఉన్నవారినే అడగాలని ఆ వరదలో నేర్చుకున్నాం. ఏడాది పొడవునా సాయం విషయంలో అదే పాటించాం.

నెలవారీ సాయంలో ఎక్కువ భాగం డయాలసిస్ రోగుల ప్రయాణ ఖర్చులకు వెళ్లింది. చికిత్స ప్రభుత్వ పథకం కింద ఉచితంగా అందుతున్నా, వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి వెళ్లి రావడానికి అయ్యే ఆటో ఛార్జీ, తోడు వెళ్లే మనిషి పోగొట్టుకునే కూలి ఏ పథకంలోనూ కనబడవు. ఒక ఇల్లాలు తన భర్త కోసం ఈ సాయం తీసుకోవడానికి ఒప్పుకుంటూ రెండు కోరికలు చెప్పింది. ఆటో ఇంటి ముందుకు కాకుండా వెనక వీధిలోకి రావాలి. గుడి మైకులో తమ పేరు చదవకూడదు. ఆడపిల్లకు సంబంధాలు చూస్తున్నామని మాత్రమే చెప్పింది, అంతకు మించి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

ఆమె మాట తర్వాత కార్యవర్గం మరో తీర్మానం చేసింది. సాయం పొందినవారి ఫోటోలు తీయడం, పేర్లు ప్రకటించడం, వేదిక మీదికి పిలిచి కవరు అందించడం పూర్తిగా మానేశాం. దానం సిగ్గుతో, వినయంతో చేయాలని తైత్తిరీయోపనిషత్తు "హ్రియా దేయమ్" అంటుంది. ఆ సిగ్గు ఇచ్చేవాడికి ఉండాలన్నది ఆ మాట అర్థం. మనం దాన్ని పుచ్చుకునేవాడి మీద వేస్తూ వచ్చాం. అయితే సొమ్ము ఎవరికి వెళ్లిందో తెలియకపోతే లెక్క మీద నమ్మకం ఎలా కుదురుతుందని కొందరు సభ్యులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే జమాఖర్చుల పట్టికలో ప్రతి చెల్లింపును ఒక వరుస సంఖ్యతో చూపించాం. ఆ సంఖ్యలకు చెందిన పేర్లు, రసీదులు ఉన్న రిజిస్టరును అధ్యక్షుడు, కోశాధికారి, ఆడిటరు మాత్రమే చూస్తారు. సాయం పొందినవారిలో కార్యవర్గ సభ్యుల బంధువులు లేరని ఆడిటరు విడిగా రాసి ఇచ్చారు.

మార్చిలో, రంజాన్ మాసంలో, మన ఊరి మసీదు కమిటీ పెద్దలను కలిసి మాట్లాడాం. ఒకే ఇంటికి రెండు చోట్ల నుంచీ సాయం వెళ్లి, పక్క ఇల్లు ఖాళీగా మిగలకుండా చూసుకోవడం మా ఉద్దేశం. వారు జకాత్ లెక్క వివరించారు. నిర్ణీత పరిమితికి మించి ఏడాది పాటు నిలిచి ఉన్న సంపదలో నలభయ్యో వంతు పేదలకు ఇవ్వాలి. అది ఇచ్చేవాడి దయాదాక్షిణ్యం కాదు, తీసుకునేవాడి హక్కు అని వారు చెప్పారు. మల్కాపురం రాతి మీద చదివినదానికి ఇది చాలా దగ్గరగా ఉందని మాకు అనిపించింది. ఇకపై డయాలసిస్ ప్రయాణాల వరకు రెండు సంఘాలూ కలిసి ఒకే ఆటో ఏర్పాటు చేసే విషయం చర్చల్లో ఉంది.

అన్నదానంలో బంతుల వరుస కూడా మారింది. కోనసీమలోని లంకల గన్నవరంలో అడిగినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఒక పెళ్లిబృందం వారు ఆకలితో ఉన్న తమ పిల్లలను "గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారు" అని ఊరడిస్తుంటే విని, దర్శనం మానుకుని వెనక్కి వెళ్లి, వారు వచ్చేసరికి వంట సిద్ధం చేశారని గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటారు. 1909లో కన్నుమూసిన ఆ తల్లిని తలచుకుని, కార్తీక మాసపు అన్నదానంలో మొదటి బంతిని గేటు బయట ఉన్నవారితో మొదలుపెట్టాం. సభ్యులు వడ్డించి, చివరి బంతిలో కూర్చున్నారు. ఏప్రిల్‌లో పప్పు అడిగిన వృద్ధురాలు ఆ రోజు రాలేదు. పని చేసే వార్డు మారిందని తెలిసి, వంట కాగానే క్యారియరు కట్టి పంపాం.

పన్ను మినహాయింపు రసీదుల గురించి హైదరాబాదులోనూ విదేశాల్లోనూ ఉన్న సభ్యుల పిల్లలు పలుమార్లు అడిగారు. దాతలకు పన్ను మినహాయింపు దక్కేలా చేసే 80జి గుర్తింపు ఉన్న సంస్థ తన ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన పనులకు ఖర్చు పెట్టకూడదు గనుక, గుడి నడిపే మన సంఘానికి ఆ గుర్తింపు సాధ్యం కాదు. సేవా కార్యక్రమాలకు విడిగా ట్రస్టు పెట్టాలా అన్నది వచ్చే సర్వసభ్య సమావేశం తేల్చవలసిన విషయం. దాతల విరాళాలతో శాశ్వత నిధి ఏర్పాటు చేసి, వడ్డీతోనే సాయం నడపాలన్న ప్రతిపాదన కూడా అదే సమావేశంలో ఉంటుంది.

మకరతోరణం దాతలకు లేఖలు రాశాం. కొందరు తమ విరాళాన్ని పేదల నిధికి మార్చమని సంతకం చేసి పంపారు. మిగిలినవారు తోరణమే కావాలన్నారు, వారి సొమ్ము ఆ ఖాతాలోనే భద్రంగా ఉంది. హుండీ లెక్కింపు ప్రతి నెలా చివరి ఆదివారం ఉదయం ఆరాధన కాగానే ముఖమండపంలో జరుగుతుంది. సభ్యులు ఎవరైనా వచ్చి కూర్చుని లెక్క చూడవచ్చు, నాణేలు వేరుచేయడానికి మనుషులు తక్కువగా ఉన్నారు.

ఇట్లు,
కార్యదర్శి