తుపాను రోజున పనిచేసే శాటిలైట్ లింకు కావాలి: విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

గుంటూరు నుంచి నమస్కారాలు. నేను ఇంజినీరింగ్ విద్యార్థులకు శాటిలైట్ కమ్యూనికేషన్ పాఠం చెబుతాను. మిమ్మల్ని కోరేది ఇది: మన జిల్లాల్లో పడే వానను నిమిషం లెక్కన కొలిచే ఏర్పాటు చేయండి. ఆ లెక్కలు అందరికీ అందుబాటులో పెట్టండి. జోరు వాన శాటిలైట్ సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి, ఆ లెక్కలు చూశాకే విపత్తుల కోసం శాటిలైట్ పరికరాలు కొనండి.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగినప్పుడు కరెంటు పోయింది, చార్జింగ్ లేక ఫోన్లు మూగబోయాయి. మేడల మీద చిక్కుకున్న పెద్దవాళ్ల క్షేమం తెలియక వేరే ఊళ్లలో ఉన్న పిల్లలు అల్లాడిపోయారు. అంతకు ముందు ఏడాది డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను మా పక్కనే బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ శాటిలైట్ మాట వస్తుంది. టవరు మునిగినా, ఫైబర్ తెగినా పైనున్న ఉపగ్రహానికి ఏమీ కాదు కదా అంటారు. 2025 జూన్‌లో శాటిలైట్ ఇంటర్నెట్ సంస్థ స్టార్‌లింక్‌కు కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చాక ఈ మాట ఇంకా ఎక్కువైంది. ఉపగ్రహానికి ఏమీ కాదన్నది నిజమే. కానీ దాని సిగ్నల్ మన డిష్ మీదికి దిగే ఆఖరి ఐదు కిలోమీటర్లలో వాన ఉంటుంది.

చినుకులు రేడియో తరంగాన్ని కొంత పీల్చేస్తాయి, కొంత చెదరగొడతాయి. తరంగం పొట్టిదయ్యేకొద్దీ, అంటే గిగాహెర్ట్జ్ అంకె పెరిగేకొద్దీ, నష్టం ఎక్కువ. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూత్రాల ప్రకారం గంటకు 100 మి.మీ. తీవ్రతతో వాన పడుతుంటే, 4 గిగాహెర్ట్జ్ దగ్గరి సి బ్యాండ్‌లో (బ్యాండ్ అంటే తరంగాల శ్రేణి) నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్ కూడా ఉండదు. డీటీహెచ్ డిష్‌లు, చిన్న వీశాట్‌లు (డిష్‌తో నడిచే శాటిలైట్ కేంద్రాలు) వాడే కేయూ బ్యాండ్‌లో, అంటే 12 గిగాహెర్ట్జ్ దగ్గర, అది సుమారు ఐదున్నర డెసిబెల్. 20 గిగాహెర్ట్జ్ కేఏ బ్యాండ్‌లో దాదాపు 12. పది డెసిబెల్ తగ్గిందంటే సిగ్నల్‌లో పదో వంతే మిగిలిందని అర్థం. సిగ్నల్ దారిలో రెండు కిలోమీటర్ల మేర అలాంటి వాన ఉందనుకోండి. సి బ్యాండ్‌లో నూటికి తొంభై వంతులకు పైగా మిగులుతుంది. కేయూలో పదో వంతు కూడా మిగలదు. కేఏలో రెండు వందల వంతుల్లో ఒక వంతు కూడా రాదు. ఈ తేడా తెలియకుండా కొన్న పరికరం ఎండ కాస్తున్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఇక నిమిషాల లెక్క ఎందుకంటారా? రోజంతా ముసురు పట్టి 60 మి.మీ. పడినా, సాయంత్రం అరగంట కుండపోతగా 60 మి.మీ. పడినా రోజువారీ రికార్డులో ఒకటే అంకె. ముసురు రోజున లింకుకు ఇబ్బందేమీ రాదు, ఎందుకంటే అప్పుడు తీవ్రత గంటకు రెండున్నర మి.మీ. మాత్రమే. కుండపోతలో అది గంటకు 120. లింకు తెగేది అప్పుడే. అందుకే ఇంజినీర్లు ఏడాదిలో 0.01 శాతం సమయం, అంటే సుమారు 53 నిమిషాల పాటు దాటే వాన తీవ్రత ఎంతో చూసి లింకు లెక్క కడతారు. అది నిమిషానికోసారి కొలిచిన అంకె అయి ఉండాలి. స్థానికంగా కొలతలు లేకపోతే ప్రపంచ వర్ష తీవ్రత పటాల నుంచి తీసుకున్న అంచనాతో సరిపెట్టుకోవాలి. బంగాళాఖాతం వాయుగుండాలు తరచూ తాకే కృష్ణా, గుంటూరు, బాపట్ల జిల్లాలకు అంచనాలతో సరిపెట్టడం నాకు సమ్మతం కాదు.

టెండరులో 99.9 శాతం పనిచేస్తుందని రాసి ఉంటే అందరం సంతోషిస్తాం. మిగిలిన 0.1 శాతం ఏడాదికి ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు. ఆ గంటలు పన్నెండు నెలలకూ సమంగా పంచుకుని రావు, కుండపోత వాన పడే వేళల్లోనే వచ్చి పడతాయి. కాబట్టి టెండరులో శాతం ఒక్కటే అడగకండి. గంటకు ఎన్ని మి.మీ. వాన వరకు లింకు నిలబడుతుందో సరఫరాదారు చేత రాయించండి. వాన పెరిగినప్పుడు వేగం తగ్గించుకుని అయినా లింకు నిలబెట్టే కోడింగ్ పద్ధతులున్నాయి, అవి ఉన్న మోడెమ్‌లే తీసుకోండి. మాక్ డ్రిల్ కూడా వాన పడుతున్నప్పుడు చేయించండి.

కేయూ, కేఏ బ్యాండ్‌లు వద్దనడం లేదు. వీడియోకు, భారీ డేటాకు అవే కావాలి. కానీ కలెక్టరేట్‌లో, లంక గ్రామాల సచివాలయాల్లో, తీర మండలాల్లో సి కన్నా పొడవైన తరంగాలతో నడిచే ఎల్ లేదా ఎస్ బ్యాండ్ పరికరం ఒకటి తప్పక ఉండాలి. వాటిలో డేటా వేగం తక్కువ, ముఖ్యంగా మాటకు, చిన్న సందేశాలకే పనికొస్తాయి, కానీ వాన వాటిని దాదాపు ఏమీ చేయలేదు. 2015లో ఇస్రో పంపిన జీశాట్-6 ఎస్ బ్యాండ్ ఉపగ్రహమే. పడవ మునుగుతోందని చెప్పడానికి, పాము కాటు మందు కావాలని అడగడానికి అంతకన్నా డేటా అక్కర్లేదు.

కొలిచే పని కొత్తగా మొదలుపెట్టాల్సిందీ కాదు. 2014 జనవరిలో వెళ్లిన జీశాట్-14లో, వాన కేఏ బ్యాండ్‌ను ఎంత తగ్గిస్తుందో తెలుసుకోవడానికే ఇస్రో 20.2, 30.5 గిగాహెర్ట్జ్ బీకన్‌లు (ఆగకుండా ఒకే స్థాయి సిగ్నల్ పంపే పరికరాలు) పెట్టింది. మన వడ్డేశ్వరంలోని కె.ఎల్. విశ్వవిద్యాలయంలో ఈ అంశం మీద పరిశోధన జరిగింది. మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. వీటికి తోడు బాపట్ల, తెనాలి, అవనిగడ్డ లాంటి చోట్ల కళాశాలల మేడల మీద బీకన్ రిసీవర్, చినుకుల సైజు కొలిచే డిస్డ్రోమీటర్, నిమిషం లెక్కన నమోదు చేసే వర్షమాపకం పెట్టించండి. ఒక్క ఏడాది కొలతలు చాలవు, ఒక్కో ఏడాది వాన ఒక్కో తీరు. కనీసం నాలుగైదేళ్లు ఆపకుండా సాగేలా నిధులివ్వండి. మధ్యలో నిధులు ఆగి యంత్రాలకు బూజు పడితే అప్పటిదాకా తీసిన లెక్కలూ సగం వృథా.

ఇప్పటికే ఉన్న ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు అంత తరచుగా నమోదు చేయగలవేమో మీ అధికారుల చేత పరిశీలింపజేయండి. చేయగలిగితే ఆ డేటాను రేపటి నుంచే విడుదల చేయించవచ్చు. టెండరు నిబంధన ముసాయిదా, లెక్కలతో సహా, రాసివ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీ శాఖ నుంచి పిలుపు వస్తే తాడేపల్లికి వచ్చి వివరిస్తాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
గుంటూరు