ఊదా-పసుపు చేప అడుగుతున్నవారికి ఒక మాట

తల వైపు ఊదా, తోక వైపు పసుపు ఉన్న బుల్లి చేప కావాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఆ రంగుల్లో మా అక్వేరియం చేపల షాపులో రెండు జాతులున్నాయి: రాయల్ గ్రామా, రాయల్ డాటీబ్యాక్. "రెండిట్లో ఏదైనా పర్లేదు" అనే మాట దగ్గరే మాకు పేచీ వస్తోంది. అందుకే ఇకనుంచి ప్రతి ట్యాంకు మీదా శాస్త్రీయ నామం, ఆ చేప ఏ సముద్రానిదో రాసి పెడుతున్నాం.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. గ్రామాకు వీపు రెక్క ముందు భాగంలో నల్లటి మచ్చ ఉంటుంది, కంటి మీదుగా ఏటవాలు గీత పోతుంది. ఊదా రంగు మెల్లగా పసుపులో కలుస్తుంది. డాటీబ్యాక్‌కు ఆ మచ్చ లేదు, రెండు రంగుల మధ్య హద్దు గీత గీసినట్టు ఉంటుంది. బెదిరిన చేపకు రంగు వెలిసిపోతుంది కాబట్టి ముందు మచ్చే చూడండి.

గ్రామా లోరెటో, అంటే రాయల్ గ్రామా, కరీబియన్ సముద్రానిది, సుమారు 8 సెంటీమీటర్లు పెరుగుతుంది. పగడపు దిబ్బల్లో రాతి చూరుల కింద గుంపులుగా ఉంటూ, నీటిలో కొట్టుకొచ్చే ప్లవకాలను, అంటే బాగా చిన్న జీవులను, తింటుంది. తిండి బాగా దొరికే ముందు వరసను పెద్ద చేపలు పట్టుకుని చిన్నవాటిని లోపలికి తరిమేస్తాయి. చిన్న ట్యాంకులో అలా తప్పుకునే చోటు ఉండదు. అందుకే జత అడిగినా మేం ఒక్కటే ఇస్తున్నాం. కోపగించుకున్నవారూ ఉన్నారు, అయినా ఇంతే.

ఇంకో మాట, గ్రామా పొట్టను రాతి వైపు తిప్పి ఈదుతుంది. చూరు కింద తలకిందులుగా కనిపిస్తే జబ్బేమోనని టెన్షన్ పడొద్దు. దాని తీరే అంత. నోట పాచి కరుచుకుని రాతి సందులోకి పోతుంటే అది మగది, గూడు కట్టుకుంటోందన్నమాట. గుడ్లకు కాపలా కూడా అదే.

పిక్టిక్రోమిస్ పాకాన్యెల్లే, అంటే డాటీబ్యాక్, పశ్చిమ పసిఫిక్‌ది. నిటారుగా దిగే దిబ్బల అంచుల్లో, గుహల దగ్గర ఉంటుంది. తన చోటులోకి ఎవరొచ్చినా ఊరుకోదు. దానికన్నా చిన్నవి, నెమ్మదస్తులైన చేపలు మీ ట్యాంకులో ఉంటే మేం దీన్ని అమ్మం. బేరం పోయినా సరే. రెండు జాతుల్నీ కలిపి ఒకే ట్యాంకులో వేస్తామన్నా అదే జవాబు. ధాటిగా ఉండే చేపలతో పెంచేవారికి మాత్రం ఇది చక్కటి చేప, పైగా గట్టి పిండం.

రెండూ బెదిరితే ఎగిరి బయట పడతాయి, మూత తప్పనిసరి. దాక్కోవడానికి సందులున్న రాళ్లూ కావాలి.

వేరే చోట కొన్న చేప ఏదో తేల్చమని ఫొటో పంపేవారు పక్క నుంచి, వీపు రెక్క విప్పుకున్నప్పుడు తీయండి. రెక్క ముడుచుకుంటే మచ్చ కనపడదు. మీ ట్యాంకులో ఇంకా ఏయే చేపలున్నాయో కూడా రాస్తే, వాటితో ఇది సర్దుకుంటుందో లేదో అప్పుడే చెప్పేస్తాం.